కమలాబారీ రేవు

మాజులీ ద్వీపాన్ని కంటితో చూడడానికి ఇరవై యేళ్ళు ముందే నేను దానిని తెలుగు పాఠకులకు పరిచయం చేసినాను. ఇట్టి సాహసం అనువాదకులకు అలవాటే. అస్సాంలో, బ్రహ్మపుత్ర నడుమ ఉన్న ఆ దీవిని గురించిన హిందీ వ్యాసం ఒకటి నా చేతికి వచ్చినది, తెలుగు చేసినాను, అచ్చయినది. మూలంలో ‘కమలాబారీ సత్రం’ అన్న పేరు వచ్చినచోట, పాఠకులకు ఉపకారం చేస్తున్నాననుకొని, ‘అనగా తామరతోటలోని మఠం’ అని ఒక మాట చేర్చినాను. మూలరచయిత ఆ మాట వ్రాయలేదు. కమలమంటే ఏమిటో హిందీ ఎం.ఏ. చదివినవానికి ఒకరు చెప్పవలెనా?

2019 జనవరిలో ఒక పనిమీద జోర్హాట్ వరకు వెళ్ళి, అక్కడినుండి ఒకనాటి ఉదయం నిమాతీ ఘాట్ చేరినాను. రేవు అనగానే గోదావరి ఒడ్డున ఉండే రాతిమెట్లు నా మనస్సులో మెదలినవి. అక్కడ మెట్లు లేవు. ఇసుక ఒడ్డు, వెదురు తడికలతో కట్టిన టీ దుకాణాలు, ఒడ్డునుండి పడవమీదికి వేసిన రెండు బల్లలు, అంతే. ఏటేటా వరద ఒడ్డును మార్చివేస్తుంది కాబట్టి, రేవు కూడా దానివెంట జరుగుతూ ఉంటుందట.

పడవ కప్పుమీద మోటారు సైకిళ్ళు. లోపల బియ్యపు బస్తాలు, ఇనుప రేకులు, కాళ్ళు కట్టిన కోళ్ళు, వాటి నడుమ మనుష్యులు. బ్రహ్మపుత్రను నది అనరాదు, నదమనవలె. మన పెద్ద నదులన్నీ స్త్రీలయితే ఇతడు పురుషుడు. మంచుతెరలో ఆవలి ఒడ్డు కనిపించలేదు. దారిలో ఒక ఇసుకతిన్నె మీద జేగురు రంగు పక్షుల జంటలు కనిపించినవి. నా ప్రక్కన కూర్చున్న మాజులీ బడిపంతులుగారిని అడిగితే, హిందీలో ‘చకవా’ అన్నారు. అనగా చక్రవాకం. మన ప్రబంధాలలో రాత్రియెల్ల విరహంతో వేగిపోయే పక్షిని నా యాభై యేళ్ళు దాటిన జీవితంలో మొదటిసారి చూచినాను. విరహపు జాడ ఏదీ కనిపించలేదు. బురదలో ముక్కు పెట్టి ఏదో ఏరుకొని తింటున్నది.

నా కెదురుగా ఒక ముసలామె బుట్టనిండ పండ్లు పెట్టుకొని కూర్చున్నది. “సంతరా ఎంత?” అని హిందీలో అడిగినాను. ఆమె నవ్వి, “కొమొలా” అని దిద్దినది. అకారాన్ని ఒకారంవలె పలకడం అస్సామీయుల రీతి. కొమొలా, కమలా! గుండె గతుక్కుమన్నది.

“అయితే పంతులుగారూ, కమలాబారీ అంటే?”

“కమలాపండ్ల తోట. బారీ అంటే తోట కదండీ!” అన్నారాయన, ఇందులో అడగవలసినదేమున్నదన్నట్లు.

ఆయనకు తెలియనిది, నన్ను ఎక్కువ బాధించినది మరొకటి ఉన్నది. నా చిన్నతనంలో మా అమ్మ నన్ను బజారుకు పంపుతూ, “కమలాపండ్లు పుల్లనివి తేకురా” అని చెప్పేది. మాట మా ఇంటిలోనే ఉన్నది. నేను నిఘంటువులన్నీ వెదకి తామరను తెచ్చినాను. పండు ఒలిచి తిన్నాను. పుల్లగానే ఉన్నది.

ద్వీపం అంత నిశ్శబ్దంగా ఉంటుందని నే ననుకొనలేదు. ఆవాల పూవు విరగబూచిన చేలు, నీటిమడుగులు, వెదురు పొదలు, గుంజలపై నిలిచిన మిసింగు గిరిజనుల ఇళ్ళు. సాయంకాలం ఉత్తర కమలాబారీ సత్రం చేరినాను. సత్రమనగా మనకు బాటసారులు దిగే చోటు. అక్కడ వైష్ణవ భక్తులు జీవితమంతా నివసించే చోటు. నామఘర్ అనే ప్రార్థనామందిరంలో విగ్రహానికి బదులు పీఠంపై గ్రంథమున్నది. శంకరదేవుడు (1449–1568) భాగవతాన్ని అస్సామీయంలోనికి తెచ్చినాడు. అదే పదునైదవ శతాబ్దంలో పుట్టిన మన పోతన తెలుగులోనికి తెచ్చినాడు. ఇద్దరూ ఒకరినొకరు ఎరుగరు. ‘ఖోల్’ అనే మృదంగంపై బాలభక్తులు వాయిస్తూ పాడుతున్న పాట వ్రజావళిలో ఉన్నది. మైథిలీ, అస్సామీయం కలిసిన కావ్యభాష అది. నా హిందీతో సగం అర్థమయినది. ఆనాటి ఉదయమే దెబ్బతిన్నవాడిని గనుక, తక్కిన సగాన్ని ఊహించే సాహసం చేయలేదు.

పాట ముగిసిన తరువాత ఒక వృద్ధభక్తుని వద్ద నా తప్పు చెప్పుకొన్నాను. ఆయన చాలాసేపు నవ్వినాడు. తరువాత, “తోటను చూడవలెనా? నదిలో ఉన్నది. నా చిన్ననాడు సత్రమున్న స్థలమూ నదిలోనే ఉన్నది. స్తంభాలు విప్పి తెచ్చుకొన్నాము, గ్రంథాలు తెచ్చుకొన్నాము, పేరు తెచ్చుకొన్నాము. చెట్లు తేలేకపోయినాము” అన్నాడు. 1950 ఆగస్టు 15న వచ్చిన మహాభూకంపం కొండలను విరిచి నదీగర్భాన్ని మట్టితో నింపినది. అప్పటినుండి కోత మరీ హెచ్చినది. ఒకప్పుడు అరవైకి పైగా ఉన్న సత్రాలలో ఎన్నో ఒడ్డు దాటి వెళ్ళిపోయినవి. శంకరదేవుడూ ఆయన శిష్యుడు మాధవదేవుడూ మొదట కలుసుకొన్న బెలగురిని కూడా నది తీసుకొన్నది. ఆ కలయికను అస్సామీయులు ‘మణికాంచన సంయోగం’ అంటారు. పేరు నిలిచినది, నేల లేదు.

మరునాడు సాల్మోరాలో, చక్రం లేకుండా చేతితోనే కుండలు చేసే స్త్రీలను చూచి, ఒడ్డున కొంతసేపు నిలిచినాను. ఇల్లంత మట్టిపెళ్ళ ఒకటి, దానిపై గడ్డితో సహా, కళ్ళెదుటనే జారి నీటిలో పడినది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. కుండలు చేస్తున్నవారెవరూ తల యెత్తి చూడలేదు.

సెలవు తీసుకొనే వేళ వృద్ధభక్తుడు, “మా సత్రం పేరున్న మీ పుస్తకం ఒకటి పంపండి, గ్రంథాలతోపాటు ఉంచుతాము” అన్నాడు. సరే నన్నాను. వచ్చేటప్పుడు గంటలో దాటిన నదాన్ని తిరుగుప్రయాణంలో ఎదురు ప్రవాహాన గంటన్నరకు పైగా దాటుతూ, ఆ మాట ఇచ్చినందుకు పశ్చాత్తాపపడినాను.

ఇంటికి వచ్చి ప్రచురణకర్తకు ఉత్తరం వ్రాసినాను, జవాబు లేదు. నా వద్ద మిగిలిన ఒక్క ప్రతిలో తామరలను ఎర్రసిరాతో కొట్టివేసి, పైన కమలాపండ్లని వ్రాసి, క్రింద సంతకం చేసి కమలాబారీకి పంపినాను. తక్కిన ప్రతులు ఎక్కడెక్కడ, ఎవరెవరి అలమరలలో ఉన్నవో!