ఎర్ర ఇంకు

నా పర్సులో టెక్సస్ హంటింగ్ లైసెన్స్ ఒకటి ఉంటుంది. నేనింతవరకూ కుందేలుని కూడా కొట్టలేదు. హెచ్‌1బీ వీసా మీద ఉన్నవాళ్ళు అమెరికాలో తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ ఉంటే మాత్రం పెట్టుకోవచ్చు. చట్టంలో ఇలాంటి కిటికీ ఒకటుందని నాకు చెప్పింది లాయరు కాదు, పక్కింటి పెద్దాయన. ఆన్‌లైన్లో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి, ఫీజు కట్టి లైసెన్స్ తెచ్చుకున్న రోజు మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బొద్దింక కనబడితే నన్ను పిలుస్తావు, నీకు వేట లైసెన్సా?" అంది.

పెద్దాయన మెషినిస్టుగా పనిచేసి రిటైరయ్యాడు. గరాజ్‌లో కారుకి చోటుండేది కాదు. గోడ పొడవునా బల్ల, దానికి బిగించిన ఇనుప ప్రెస్సు, చిన్న తక్కెడ, సీసాలు, డబ్బాలు. కోవిడ్ రోజుల్లో ఆఫీసు లేక, మనిషి మొహం చూడక, ఒకరోజు ఆ తెరిచిన గరాజ్ ముందు నిలబడి "ఏం చేస్తున్నారు సార్?" అని అడిగాను. సార్ అనొద్దని విసుక్కుని, ఒక స్టూలు ముందుకి తోశాడు.

ఆయన చేస్తున్నది తూటాలు. కాల్చిన తూటాలో మిగిలేది ఇత్తడి గొట్టం ఒక్కటే. దాన్ని శుభ్రం చేసి, డైలోకి నొక్కి పాత కొలతకి తెచ్చి, అడుగున కొత్త ప్రైమర్ కూర్చి, మందు తూచి పోసి, పైన గుండు బిగిస్తే మళ్ళీ తూటా. సొంత వాడకానికైతే అక్కడ దీనికి లైసెన్స్ అక్కర్లేదు. మన దగ్గర ఇదే పని ఇంట్లో చేస్తే పోలీసులొస్తారు. మందుని తూచేది గ్రెయిన్లలో. ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు, చిటికెలో చిటికె. తెలుగులో జబ్బుకి వేసేదీ, గ్లాసులో పోసేదీ, గొట్టంలో దట్టించేదీ అన్నీ "మందే" అని ఆయనకి చెప్తే తెగ నవ్వి, మూడింట్లోనూ ఎక్కువైతే ఒకటే గతి అన్నాడు.

నాకిది పూర్తిగా కొత్త కాదు. చిన్నప్పుడు దీపావళికి మా బాబాయి ఇంట్లోనే చిచ్చుబుడ్లు కూరేవాడు. సూరేకారం, గంధకం, బొగ్గు, ఇనుప రజను. వదులుగా కూరితే చీదేస్తుంది, మరీ గట్టిగా దట్టిస్తే పేలుతుంది. ఆ రెంటికీ మధ్య ఎక్కడ ఆపాలో బాబాయి బొటనవేలికి తెలుసు. పెద్దాయన దగ్గర బొటనవేలికి బదులు పుస్తకం ఉంది.

లోడింగ్ మాన్యువల్స్ అంటారు వాటిని. సాహిత్యం మీద నాలుగు వ్యాసాలు రాసుకునే నాలాంటివాడికి అదొక వింత ప్రక్రియ. విశేషణం ఒక్కటీ ఉండదు. ఈ గుండుకి, ఈ మందు ఇంత నుంచి మొదలుపెట్టు, ఇంత దాటకు. రెండు నిలువు వరసలు, అంతే. పాత మాన్యువల్స్‌లో ఉన్న గరిష్ఠాలు కొత్తవాటిలో చాలాచోట్ల తగ్గుతూ వచ్చాయి. లాయర్లకి భయపడి తగ్గించారని షూటింగ్ రేంజ్‌లో ముసలాళ్ళు తిడుతూంటారు. కొంత నిజం కావచ్చు. అయితే ఒకప్పుడు రాగి ముక్క ఎంత నలిగిందో చూసి పీడనం అంచనా కట్టేవాళ్ళు, తర్వాత స్ఫటికపు సెన్సార్లు వచ్చి క్షణంలో వెయ్యోవంతులో లేచిపడే పీక్‌ని కూడా చూపించాయి. పాత పద్ధతికి ఆ పీక్ కనబడేది కాదు. పెద్దాయన ఈ వాదనలో దిగేవాడు కాదు. రెండు పుస్తకాలు తీసి, తక్కువ చెప్పినదాన్ని తెరిచేవాడు.

నా ఆసక్తి మాత్రం మొదట్నించీ రెండో వరస మీదే ఉండేది.

ఆయన నాకు నేర్పింది .45 కోల్ట్ అనే తూటా మీద. అది 1873 నాటిది, నల్లమందు కాలంలో పుట్టింది. అందుకే గొట్టం విశాలంగా ఉంటుంది, ఇప్పటి పొగలేని మందులు చాలావరకూ అడుగునే ఉండిపోతాయి. దీనికి ఒక ప్రమాదం ఉంది: పొరపాటున రెండుసార్లు పోసినా గొట్టం పొంగదు, బయటికేమీ తెలియదు. ఒక ఆకర్షణా ఉంది: ఇంకా బోలెడు చోటుంది కదా అనిపిస్తుంది. అమెరికాలో తూటాల ప్రమాణాలు నిర్ణయించే సామి అనే సంస్థ దీనికి పెట్టిన గరిష్ఠ పీడనం 14,000 పీఎస్ఐ. ఇంట్లో కుక్కర్ విజిల్ వేసేది 15 దగ్గర. ఆ 14,000 కూడా తుపాకుల లోకంలో తక్కువే. 1873 నమూనా రివాల్వర్లు, వాటి నకళ్ళు ఇంకా జనం చేతుల్లో ఉన్నాయి కాబట్టి గీత అక్కడ గీశారు. కానీ రూగర్ బ్లాక్‌హాక్ లాంటి బండ రివాల్వర్ అంతకి రెట్టింపు పైన కూడా ఓర్చుకుంటుంది. అందుకని మాన్యువల్స్‌లో అదే తూటాకి వేరే పేజీ ఉంటుంది, పైన హెచ్చరికతో. షూటర్ల భాషలో దాని పేరు "రూగర్ ఓన్లీ".

పెద్దాయన దగ్గర బ్లాక్‌హాక్ ఉంది. నా దగ్గర నోటుపుస్తకం ఉంది. ఒక శీతాకాలమంతా మెట్టు మెట్టుగా పైకి వెళ్ళాను. మెట్టుకి అయిదు తూటాలు, ముందు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్. సెకనుకి 850 అడుగుల దగ్గర మొదలైన గుండు 1,100 దాటింది. దీని వల్ల లాభం లేదని చెప్తే అబద్ధమవుతుంది. శక్తి లెక్కన అది మూడింట రెండొంతులు అదనం, అడవిపంది మీదకొస్తే ఆ తేడా తేడానే. పైగా ఆ అంకె కొట్లో కొన్నది కాదు, నేను తూచి, పోసి, కొలిచి తెచ్చుకున్నది. ఆఫీసులో నేను రాసే కోడ్ ఎక్కడో సర్వర్లో నడుస్తుంది, దాని దెబ్బ అరచేతికి తగలదు. ఇది తగిలేది.

అయితే ఓ స్థాయి దాటాక ఆట మారుతుంది. మందు కొంచెం పెంచితే వేగం కొంచెమే పెరుగుతుంది, పీడనం మాత్రం అంతకంటే చాలా జోరుగా పెరుగుతుంది. చివరి 50 అడుగుల కోసం ఇచ్చే ధర మొదటి 50కి ఇచ్చినట్టు ఉండదు. ఆ పంది 50 అడుగుల తేడా గుర్తించదు. దానికితోడు చాలా మందులకి ఎండ పడదు. జనవరిలో సరిపోయిన లోడు, ఆగస్టులో టెక్సస్ ఎండలో కారులో మగ్గితే ఇంకొంచెం గట్టిగా తంతుంది. గీతకి ఆనించి లోడు చేసినవాడికి ఆ "ఇంకొంచెం" మిగలదు.

ఒకసారి, కాల్చిన ప్రైమర్లు చదునుగా అవ్వలేదు కాబట్టి ఇంకో మెట్టు ఎక్కొచ్చని వాదించాను. ప్రైమర్ చదును కావడం, ఇత్తడి గొట్టం బయటికి రాక బిగుసుకోవడం, ఇవి పీడనం ఎక్కువైందనడానికి గుర్తులని అందరూ చెప్తారు. పెద్దాయన కళ్ళజోడు తీసి, "ప్రైమర్ నీకు ప్రైమర్ సంగతి చెప్తుంది. సిలిండర్ సంగతి చెప్పదు" అన్నాడు. 60,000 పీఎస్ఐ దరిదాపుల్లో పనిచేసే రైఫిళ్ళలో ఆ గుర్తులు కొంత పనికొస్తాయి. పాత .45 సిలిండర్ గోడ పలచన. అది లొంగిపోయే పీడనం దగ్గర ఇత్తడికి చెమట కూడా పట్టదు. డాష్‌బోర్డంతా పచ్చగా వెలుగుతుండగా సర్వీసు కుప్పకూలిన రాత్రులు నాకు తెలుసు కాబట్టి, ఈ మాట సూటిగానే దిగింది.

అప్పుడే ఆయన ఎల్మర్ కీత్ ఆత్మకథ చేతిలో పెట్టాడు. "హెల్, ఐ వాజ్ దేర్!" అని పేరు, 1979లో వచ్చింది. ఐడహోలో పశువుల మధ్య బతికిన మనిషి, తుపాకుల మీద జీవితమంతా రాశాడు. గొప్పలు దండిగా చెప్పుకుంటాడు. వచనం మీద నాకు పెద్ద గౌరవం కలగలేదు. కానీ ఇతను 1925లో జులై 4 సంబరాల్లో .45 కోల్ట్‌లో బరువైన గుండు కింద మితిమీరి మందు దట్టించి, తన రివాల్వర్ సిలిండర్ పైభాగాన్నీ, ఆ పైనున్న ఫ్రేము పట్టీనీ గాల్లోకి ఎగరేసుకున్నాడు. ఆ సంగతి తనే పత్రికకి రాశాడు. ఆ తర్వాత .44 స్పెషల్‌కి మారాడు. కారణం చిన్నదే: తుపాకీ సైజు అంతే, రంధ్రం సన్నం, కాబట్టి గోడ మందం. దానిలో తను వాడే గట్టి లోడుని ఫ్యాక్టరీ తూటాగా తెమ్మని ఏళ్ళ తరబడి కంపెనీల వెంటపడ్డాడు. 1955 చివర్లో స్మిత్ అండ్ వెసన్, రెమింగ్టన్ కలిసి .44 మాగ్నమ్ తెచ్చాయి.

నాకు బాగా నచ్చింది ఆ తూటా శక్తి కాదు, పొడవు. పాత .44 స్పెషల్ కంటే దాని గొట్టం అంగుళంలో ఎనిమిదో వంతు పొడుగు. గొట్టంలో చోటు చాలక పెంచింది కాదు. పాత తుపాకీలో పెడితే సిలిండర్ మూసుకోకూడదని పెంచింది. 15,500 పీఎస్ఐ తుపాకీలోకి 36,000 పీఎస్ఐ తూటా దూరదు. 1935లో .357 మాగ్నమ్‌కీ ఇదే చేశారు. మాన్యువల్ చదవనివాడికి కూడా ఇత్తడే అడ్డం చెప్తుంది.

.45 కోల్ట్‌కి ఎవరూ ఆ పని చెయ్యలేదు. మెత్తటిదీ గట్టిదీ పైకి ఒక్కటే. తేడా అంతా డబ్బా మీద రాసిన మాటలో ఉంది. ఆ మాట కూడా పాతబడుతుంది: 2005లో రూగరే చిన్న ఫ్రేముతో న్యూ వకేరో తెచ్చింది, దానికి "రూగర్ ఓన్లీ" లోడ్లు పనికిరావు.

ఆ మార్చిలో నా ఫ్రెండొకడు గ్రీన్ కార్డ్ వచ్చిన సంబరంలో కౌబాయ్ సినిమాల్లో కనిపించే పాత నమూనా రివాల్వర్ కొన్నాడు. .45 కోల్ట్. ఇద్దరం రేంజ్‌కి వెళ్ళాం. అమ్మ ఫోన్ చేస్తే చెవుల మీది మఫ్స్ తీసి బయటికి వచ్చాను. పెసరావకాయ పార్సిల్ అందిందా అని అడుగుతోంది. మాట్లాడుతూనే అద్దంలోంచి చూస్తే, వాడు తన డబ్బా ఖాళీ అయినట్టుంది, నా సంచిలోంచి ప్లాస్టిక్ డబ్బా తీసి సిలిండర్ నింపుకుంటున్నాడు. దాని మీద నేను పెన్సిల్‌తో రాసింది ".45 కోల్ట్" అని మాత్రమే. మిగతాది తర్వాత రాద్దామనుకున్నాను. అమ్మ లైన్లో ఉండగానే లోపలికి పరిగెత్తాను. మఫ్స్ పెట్టుకుని ఉన్నాడు, నా కేక వినబడదు. భుజం పట్టుకునేటప్పటికి హ్యామర్ వెనక్కి లాగి ఉంది.

"ఏంట్రా మామా, నీ తూటాలు అరిగిపోతాయా?" అన్నాడు.

ఆ తుపాకీ తట్టుకునేదేమో. తయారీలో కొంత వెసులుబాటు ఉంచుతారు. తట్టుకోకపోతే సిలిండర్ ముక్కలు వాడి కళ్ళకి రెండడుగుల దూరంలో ఉండేవి. వాడికి ఇవాళ్టికీ అది తమాషా కథే, పార్టీల్లో నన్ను అనుకరించి చూపిస్తాడు.

పెద్దాయనకి చెప్పాను. తిట్టలేదు. సుత్తి ఆకారంలో ఉండే పుల్లర్ ఒకటి చేతికిచ్చాడు. అందులో తూటా బిగించి నేలకేసి కొడితే గుండు ఊడి, మందు బయటికొస్తుంది. నలభై రెండు తూటాలు ఒక్కొక్కటీ ఊడదీయించాడు. మధ్యలో కాఫీ ఇచ్చాడు. చివర్లో ఎర్ర మార్కర్ ఇచ్చి, ముందు డబ్బా మీద రాయమన్నాడు, తర్వాతే తూటా చెయ్యమన్నాడు.

పోయినేడు అక్టోబరులో ఆయన పోయాడు. ఒహాయో నుంచి వచ్చిన కొడుకు ఇల్లు అమ్మకానికి పెడుతూ, ఈ బల్ల మీదివి ఏం చెయ్యాలో తెలియడం లేదని నన్ను పిలిచాడు. డబ్బాలన్నీ వరసగా ఉన్నాయి, ప్రతిదాని మీదా తేదీ, మందు పేరు, బరువు, ఏ తుపాకీకో ఎర్ర ఇంకులో. అట్టడుగున ఒక డబ్బా మీద ఏమీ లేదు. ముప్ఫై .45 కోల్ట్ తూటాలు, నున్నగా, అచ్చం ఆయన చేతి పనే. నోటుపుస్తకాలన్నీ వెతికాను. ఈ ముప్ఫై సంగతి ఎక్కడా లేదు.

"నాన్న చేసినవే కదా, మీరు కాల్చుకోండి, ఆయన గుర్తుగా" అన్నాడు కొడుకు.

పుల్లర్ ఎక్కడుందో నాకు తెలుసు. ఇద్దరం గరాజ్ నేల మీద కూర్చుని సాయంత్రం దాకా కొట్టాం. ఇత్తడి ఒక పక్క, గుండ్లు ఒక పక్క, మందు ఒక గిన్నెలో. మందు ఏ రకమో చూసి చెప్పలేం, కాబట్టి మళ్ళీ వాడటానికి లేదు. పొగలేని మందులో నైట్రోజన్ ఉంటుంది, గడ్డి మీద పల్చగా చల్లేస్తారు. ఆ గిన్నె అతనికిచ్చి నేను పైపు పట్టుకున్నాను.