పాచిపెంట వాడి పాచి వైద్యం

మాది పాచిపెంట. సాలూరు పక్కన, కొండల అంచున ఉంది. 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోకి వస్తుంది. కాలేజీలో చేరిన నాటినుంచీ మిత్రులు నన్ను 'పాచి' అనే పిలుస్తున్నారు. ఆ పేరుకి తగ్గ పని కూడా మొన్న విశాఖలో మా మావయ్యగారింట్లో తగిలింది. ఉప్పునీటి చేపల తొట్టికి పాచి పట్టింది. "ఏటిరా, మీ ఊరి పేరులోనే ఉంది కదా, నువ్వే చూడు" అన్నారు మావయ్య.

ఆ తొట్టి ఆయన కూతురిది. నాకు వదిన వరస. పెళ్లయి దూరదేశం వెళ్తూ రెండు క్లౌన్ చేపల్నీ, నాలుగు నత్తల్నీ తండ్రికి అప్పగించింది. పగడాలు లేవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుంచి రాతిపగడాలకి పులితో సమానంగా మొదటి షెడ్యూలులో రక్షణ ఉంది. అందుకని ఉత్త సున్నపురాళ్లనే దిబ్బలా పేర్చుకుంది. ప్రతి ఆదివారం ఫోనులో తొట్టి చూపించమంటుంది. రాళ్లకి పచ్చటి జుట్టు మొలిచినట్టయ్యాక మావయ్య రెండు ఆదివారాలు ఏదో వంక చెప్పి తప్పించుకున్నారు. మూడో వారం మైలుతుత్తం కలిసిన మందు సీసా కొనుక్కొచ్చారు.

మందు పాచిని చంపుతుంది, నిజమే. కాని మైలుతుత్తంలోని రాగి నత్తల్నీ చంపుతుంది. పైగా సున్నపురాళ్లకి పట్టుకుని, ఆ తర్వాత మెల్లమెల్లగా నీటిలోకి దిగుతూనే ఉంటుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. పాచి పెరిగేది మనం వేసిన మేతలోంచీ, చేపల మలంలోంచీ వచ్చే నత్రజని, భాస్వరాల మీద. చచ్చిన పాచి నీటిలోనే కుళ్లితే అవి మళ్లీ నీటిలోనే కలుస్తాయి. కుళ్లేటప్పుడు చేపలకి కావలసిన ప్రాణవాయువూ ఖర్చవుతుంది. కొత్త పాచికి విందు సిద్ధమన్నమాట. అదే పాచిని చేత్తో పీకి బయట పారేస్తే, అది తిన్నదంతా దాంతోపాటే పోతుంది.

"మావయ్యా, రెండు నెలలు ఆ సీసా మూత తియ్యకండి" అని బతిమాలాను. చేపలు రెండు నిమిషాల్లో తినగలిగినంతే మేత వేశాం. దీపం రోజుకి 8 గంటలే. తరిగిన నీటికి బదులు కుళాయి నీళ్లు పోయడం మానేశాం: నీరు ఆవిరైపోతుంది గాని అందులో కరిగినవి తొట్టిలోనే పోగవుతాయి. ఇంట్లో తాగే ఆర్.ఓ. నీరే పోశాం. వారానికోసారి పదోవంతు నీరు తీసి, సముద్రపు ఉప్పు కలిపిన కొత్తనీరు నింపాం. తీసిన పాతనీటి బకెట్టులో రాళ్లుంచి టూత్‌బ్రష్షుతో తోమాం. తొట్టిలోనే తోమితే ముక్కలు చెదిరి కొత్తచోట్ల మొలుస్తాయి సుమా!

మూడు వారాలదాకా తేడా కనబడలేదు. నత్తలు పొడుగు పాచి ముట్టుకోలేదు. మేం పీకాక కురచగా మొలిచేదాన్ని మాత్రం శుభ్రంగా గీకి తిన్నాయి. ఇలా గీకి తినే జీవుల విలువ కరిబియన్ సముద్రంలో 1983లో తెలిసొచ్చింది. పొడుగాటి నల్లముళ్ల సముద్రపు అర్చిన్లు ఆ ఏడు తెగులుతో మూకుమ్మడిగా చచ్చిపోయాయి. అతిగా చేపలు పట్టడం, తుపానులు దానికి తోడయ్యాయి. 1970ల చివర జమైకా దిబ్బల మీద సుమారు సగం పగడమే ఉండేది. 1990ల మొదటికి నూటికి 5 పాళ్లయినా మిగల్లేదు. 90 పాళ్లకి పైగా పాచి కప్పేసింది.

ఊరి చెరువులకీ ఇదే లెక్క. చెరువు పచ్చబడితే పొలాల ఎరువు, పేడ, మురుగు ఎటునుంచి వచ్చి పడుతున్నాయో ముందు చూడాలి. ఆ దారి మూయకుండా పైన మందు చల్లితే, మరుసటేడు మళ్లీ చల్లాల్సిందే.

ఎనిమిదో వారానికి రాళ్లు బయటపడ్డాయి. ఆదివారం మావయ్య తనంతట తానే ఫోను తొట్టి ముందు పెట్టారు. వదిన చాలాసేపు చూసి, "ఆ మూల కొంచెం పచ్చగా ఉందేటి నాన్నా?" అంది.

"ఉండనీ అమ్మా, అది నీ నత్తల భోజనం" అన్నారాయన.