తిన్నదీ చెప్పాలి, చూసినదీ చెప్పాలి

రండి, కూర్చోండి. ఈ వాన ఇప్పట్లో వదిలేలా లేదు. పకోడీలు ఇంకో వాయి వేస్తున్నారు. ఈలోపు ఆ గిన్నెలో ఆలూ బుఖారా పళ్ళున్నాయి, తీసుకోండి. నిన్న మా అమ్మాయి తోపుడు బండి దగ్గర బేరమాడి తెచ్చింది. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. ఫ్రిజ్‌లో చీజ్ ఉంది గానీ, దాన్ని వీటితో కలిపి తినకండి. తింటే కడుపునొప్పి సంగతి అలా ఉంచండి, నాలుగొందల ఏళ్ళ కిందటి మనిషెవరైనా వచ్చి మీ ఎదురుగా నిలబడతాడేమో! నవ్వుతున్నారా? ఒకాయనకి అచ్చంగా అలాగే జరిగింది. జరిగిందని ఆయనే రాసుకున్నాడు.

ఆయన పేరు జాషువా స్లోకమ్. 1844లో కెనడాలోని నోవా స్కోషియాలో పుట్టి, తర్వాత అమెరికా పౌరుడై, తెరచాప ఓడలకి కెప్టెన్‌గా బతికినవాడు. ఆవిరి ఓడలొచ్చి ఆ బతుకుతెరువు కాస్తా పట్టుకుపోయాయి. యాభైకి దగ్గర పడుతుండగా చేతిలో పని లేదు. అప్పుడొక పాత కెప్టెన్ మిత్రుడు "నా దగ్గరో ఓడుంది, ఇస్తాను రా" అన్నాడు. తీరా మసాచుసెట్స్‌లోని ఫెయిర్‌హేవెన్ ఊరికి వెళ్ళి చూస్తే, నీళ్ళకి దూరంగా ఓ పొలంలో, పైన గుడ్డ కప్పి ఉన్న శిథిల పడవ. మిత్రుడు వేళాకోళమాడాడన్నమాట. ఈయన దాన్ని వేళాకోళంగా తీసుకుంటేగా! దగ్గర్లో ఉన్న ఓక్ చెట్టు కొట్టి అడుగుదూలం చేసుకుని, 13 నెలలు కూర్చుని, ఆ పడవని పూర్తిగా మళ్ళీ కట్టుకున్నాడు. ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. సెంట్లతో సహా రాశాడు, చూశారా? ఆ 62 సెంట్లు కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆ పడవ పేరు 'స్ప్రే'. పొడవు 37 అడుగులు కూడా లేదు. 1895 ఏప్రిల్ 24న అందులో ఒక్కడూ బాస్టన్ వదిలాడు. 1898 జూన్ 27న న్యూపోర్ట్‌లో లంగరు వేసేసరికి 46,000 మైళ్ళు తిరిగాడు. ఒంటరిగా తెరచాప పడవలో భూమిని చుట్టి వచ్చిన మొదటి మనిషి ఆయనే. ఇంతా చేసి ఆయనకి ఈత రాదు!

ఇక మన పళ్ళ కథకి వద్దాం. బయల్దేరిన మూడు నెలలకి అట్లాంటిక్ మధ్యలో అజోర్స్ దీవుల్లో ఆగాడు. అక్కడివాళ్ళు ఆలూ బుఖారా పళ్ళూ, తెల్లటి చీజూ ఇచ్చి సాగనంపారు. ఒంటరివాడు, వండిపెట్టేవాళ్ళు లేరు, రెండూ కలిపి ఓ పట్టు పట్టాడు. రాత్రయ్యేసరికి కడుపులో మెలిక. అదే సమయానికి గాలివాన. పడవని ఆపి ఉంచాల్సింది పోయి, దాన్ని దారిలోనే వదిలి, నొప్పికి తాళలేక కిందికి దిగి గది నేల మీద పడిపోయాడు. ఎంతసేపు పడున్నాడో తెలియదు.

స్పృహ వచ్చి తలెత్తి చూస్తే, పైన చుక్కాని చక్రం దగ్గర ఎవరో నిలబడి ఉన్నాడు! పొడుగాటి మనిషి. పాతకాలపు నావికుడి వేషం. ఎర్ర టోపీ ఓ చెవి మీదికి వాలి ఉంది. నల్లటి గుబురు గడ్డం. దొంగేమో, పీక కోస్తాడేమో అనుకున్నాడు మన కెప్టెన్. వచ్చినవాడు మర్యాదగా టోపీ తీసి పలకరించాడు. తాను కొలంబస్‌తో వచ్చినవాణ్ణనీ, 'పింటా' ఓడకి దారి చూపించినవాణ్ణనీ, ఈ రాత్రికి పడవ తాను చూసుకుంటాననీ, నిశ్చింతగా పడుకోమనీ చెప్పాడు. మాటల్లోనే పళ్ళతో చీజ్ కలపకూడదని ఓ చీవాటు కూడా వేశాడు. వచ్చినవాడు ప్రాచీన నావికుడే గానీ, మందలింపు మాత్రం మన ఇళ్ళలో పెద్దమ్మ వేసినట్టే ఉంటుంది.

తెల్లారింది. స్లోకమ్ పైకొచ్చి చూశాడు. ఆ గాలివానలో, చుక్కాని పట్టిన మనిషి లేకుండా, 'స్ప్రే' రాత్రికి రాత్రి 90 మైళ్ళు వెళ్ళింది. వెళ్ళాల్సిన దారిలోనే! ఆయన చేసిన పని ఏమిటో తెలుసా? మిగిలిన పళ్ళన్నీ సముద్రంలో పారబోశాడు. ఆ చుక్కాని పట్టినవాడికి మాత్రం, ఈ ప్రయాణం గురించి రాసిన పుస్తకం పొడుగునా కృతజ్ఞత చెబుతూనే ఉంటాడు.

నాకు ఆయన రాత మీద గురి కుదిరింది ఇక్కడే. 62 సెంట్లు కూడా దాచనివాడు మరి! ఆ పళ్ళ సంగతి దాచేస్తే ఎవరడిగేవాళ్ళు? సముద్రం మధ్యలో సాక్షి ఎవడు? కొలంబస్ మనిషి కనపడ్డాడని ఊరుకుంటే మహత్యం అయ్యేది. పళ్ళు పడలేదని ఊరుకుంటే వైద్యం అయ్యేది. ఆయన రెండూ రాశాడు. తిన్నది చెప్పాడు, చూసినది చెప్పాడు, ఏది నమ్ముతారో మీ ఇష్టమని పక్కకి తప్పుకున్నాడు. అదే పుస్తకంలో ఇంకోచోట, థర్స్‌డే ఐలండ్ నుంచి కీలింగ్ దీవులకి 2,700 మైళ్ళు 23 రోజుల్లో వెళ్తే, తాను చుక్కాని పట్టింది మొత్తం మీద మూడు గంటలేనంటాడు. చక్రాన్ని తాడుతో కట్టేస్తే చాలు. ముక్కు కాస్త పక్కకి తిరగగానే తెరచాపల మీదా చుక్కాని మీదా పడే ఒత్తిడి మారి, ఆ పడవే మళ్ళీ దారిలో పడేది. అంత కుదురుగా కట్టుకున్నాడు. అంటే ఆ గాలివాన రాత్రి పడవని నడిపించింది ఎవరయ్యా అనడిగితే, ఆయన చేతిపనేనని చెప్పొచ్చు. ఆ సాక్ష్యం కూడా ఆయనే మన చేతికిచ్చాడు. అయినా ఎర్ర టోపీవాణ్ణి పంపించెయ్యలేదు.

ఇదంతా చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. కాలేజీ రోజుల్లో మా పత్రికకి అన్నవరం యాత్ర గురించి ఓ వ్యాసం రాశాను. తిరుగు ప్రయాణంలో రాత్రి వానలో బస్సు టైరు పేలింది. అందరం బతికి బయటపడ్డాం. "స్వామి దయ వల్ల క్షేమంగా ఇల్లు చేరాం" అని కన్నీళ్ళొచ్చేలా ముగించాను. అమ్మమ్మకి చదివి వినిపించాను. ఆవిడ వత్తులు చేసుకుంటూ విని, "ఆ క్లీనర్ కుర్రాడు బురదలో పడుకుని జాకీ ఎత్తాడని మొన్న చెప్పావు కదరా. వాడేడీ ఇందులో?" అంది.

"స్వామి గురించి రాస్తుంటే క్లీనర్ ఎందుకు అమ్మమ్మా?"

"రాసేది సత్యనారాయణ స్వామి గురించి. పేరులోనే ఉంది. సగం చెప్తే ఎలాగరా?"

ఆవిడ మాట అక్కడితో ఆగింది గానీ, నాకు వ్రతకథ మొత్తం కళ్ళముందు తిరిగింది. మనం ఎన్నిసార్లు విని ఉంటాం! ప్రసాదం ఎప్పుడు పెడతారా అని చూస్తూ సగం వినం, అది వేరే సంగతి. అందులో సాధువనే వర్తకుడు పడవ నిండా సంపదతో తిరిగొస్తుంటాడు. స్వామి సన్యాసి వేషంలో ఒడ్డున నిలబడి, "పడవలో ఏముంది నాయనా?" అంటాడు. ఏమైనా అడుగుతాడేమోనని వర్తకుడు "ఆకులూ అలములూ" అంటాడు. "అలాగే కానీ" అంటాడు సన్యాసి. చూస్తే పడవ నిండా ఆకులూ అలములే! చిన్నప్పుడు అది శాపం అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఇంకోసారి వినండి. సన్యాసి తన మాటేమీ కలపలేదు. వాడు చెప్పిన లెక్కనే వాడి సరుకు చేశాడు.

సముద్రం మీద నిజంగా అలా జరిగిన కథ ఒకటుంది. 1968లో బ్రిటన్‌లో ఓ పత్రిక, ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమిని చుట్టే పందెం పెట్టింది. తొమ్మిది మంది బయల్దేరారు. పూర్తి చేసింది ఒక్కడే, రాబిన్ నాక్స్-జాన్‌స్టన్. ఆయన పడవ 'సుహైలి' మన బొంబాయిలో టేకుతో కట్టినది. ఆ తొమ్మిదిలో డొనాల్డ్ క్రౌహర్స్ట్ అనే ఇంజనీరు కూడా ఉన్నాడు. అనుభవం తక్కువ, అప్పులు ఎక్కువ. గడువు చివరి రోజు, అక్టోబరు 31న, ఇంకా సరిగా సిద్ధం కాని పడవలో బయల్దేరాడు. పడవ లోపలికి నీళ్ళొస్తున్నాయి. దక్షిణ మహాసముద్రంలోకి వెళ్తే చావు, వెనక్కి తిరిగితే దివాలా. మధ్యలో చిక్కుకుని, దక్షిణ అట్లాంటిక్‌లోనే తచ్చాడుతూ, తాను దూసుకుపోతున్నట్టు రేడియోలో లెక్కలు పంపాడు.

లాగ్‌బుక్కంటే ఏమిటి? పడవ చిట్టా. ఈ పూట ఎక్కడున్నాం, గాలి ఎటు, ఎంత దూరం వచ్చాం. ఉపగ్రహాలు లేని రోజుల్లో, నిన్నటి చోటు సరిగ్గా రాసి ఉంటేనే ఇవాళ్టి చోటు అంచనా కట్టగలం. చిట్టాలో ఓ అబద్ధం పడితే దాని మీద కట్టే ప్రతి లెక్కా అబద్ధమే. పాపం, క్రౌహర్స్ట్‌కి తన పడవ పోయినట్టు ఒక లెక్కా, అసలు పోయినది ఇంకో లెక్కా కట్టుకోవాల్సొచ్చింది. ఈయన తరుముకొస్తున్నాడని నమ్మి, నైజెల్ టెట్లీ అనే ఇంకో పోటీదారు తన పడవని మితిమీరి తోలి, గమ్యం చేరకముందే ముంచుకున్నాడు. క్రౌహర్స్ట్ చివరి రోజుల్లో గాలీ నీళ్ళూ రాయడం తగ్గిపోయి, దేవుడూ కాలమూ విశ్వమూ అంటూ 25,000 మాటలు రాశాడు. 1969 జూలై 1న రాత ఆగింది. 10న పడవ దొరికింది, ఖాళీగా. ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. గెలిచిన నాక్స్-జాన్‌స్టన్‌కి కూడా రాలేదు. తనకొచ్చిన 5,000 పౌండ్ల బహుమతి ఆ కుటుంబానికే ఇచ్చేశాడు.

రెండు పుస్తకాల్లోనూ దేవుడున్నాడు, గమనించారా? స్లోకమ్ దగ్గర ఆయన ఎలా వస్తాడో చెప్తాను. పసిఫిక్‌లో 43 రోజులు ఒంటరిగా వచ్చాక, చంద్రుడికీ సూర్యుడికీ మధ్య దూరం కొలిచి తానెక్కడున్నాడో లెక్క కట్టాడు. సమయం చూడ్డానికి చేతిలో ఉన్నదల్లా డాలరు పెట్టి కొన్న రేకు గడియారం. తర్వాత్తర్వాత దాని నిమిషాల ముల్లు ఊడిపోతే, నీళ్ళలో ఉడకబెట్టి నడిపించుకున్న మహానుభావుడు! మొదటి లెక్క వందల మైళ్ళ తేడా చూపించింది. ఆకాశం తప్పదు, నేనెక్కడో తప్పానని మళ్ళీ మొదటినుంచీ చూసుకున్నాడు. అచ్చయిన పట్టికలోనే ఓ వరుస అంకెలు తప్పు! అది దిద్దాక లెక్క కుదిరింది. తన అంచనాకి అయిదు మైళ్ళ లోపే తేడా. అప్పుడు, ఆ తర్వాతే, సృష్టి చేసినవాడి పేరెత్తి రెండు ముక్కలు రాస్తాడు. ముందు తప్పుల పట్టిక, వెనక దండం. ఆ వరుస తిరగబడితే నాకు భయం వేస్తుంది.

మనవాళ్ళ మాట చెప్పకుండా లేస్తే మర్యాదగా ఉండదు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి మన నౌకాదళం అమ్మాయిలు ఆరుగురు తెరచాప పడవలో భూమిని చుట్టడానికి వెళ్ళారు. అందులో విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య. పడవ పొడవు 56 అడుగులు, పేరు 'తారిణి'. ఒడిశాలో గంజాం జిల్లా కొండ మీదుండే తారా తారిణి అమ్మవారి పేరది. పూర్వం సముద్ర వ్యాపారానికెళ్ళే కళింగులకి ఆవిడే దిక్కు. దాటించేది కాబట్టి తారిణి. మనం "తరించాం" అంటామే, అందులోనూ ఉన్నది ఆ దాటడమే. కొత్త అల్లుడికి పూతరేకులు పెట్టినా తరించాననేస్తాడు గానీ, అది నిజానికి పడవ మాట!

2018 జనవరిలో కేప్ హార్న్ దాటి, మే 21న గోవా చేరారు. 254 రోజులు. చివరి మజిలీలో చుక్కాని యంత్రం చెడింది. అమ్మవారి పేరున్న పడవ కదా అని చూస్తూ కూర్చోలేదు. అనుకోని రేవు మారిషస్‌లో ఆగి, బాగు చేయించుకుని వచ్చారు. మా అమ్మమ్మ ఉంటే ఆ మెకానిక్ ఎవరో అడిగేది.

స్లోకమ్ కథ చివర చెప్పలేదు కదూ. 1909లో అదే 'స్ప్రే'లో మళ్ళీ ఒంటరిగా బయల్దేరాడు. అప్పటికి అరవై దాటింది. మళ్ళీ ఎవరికీ కనపడలేదు. పడవా దొరకలేదు, చిట్టా దొరకలేదు. ఆఖరి రాత్రి ఏం తిన్నాడో, చక్రం దగ్గర ఎవరు నిలబడ్డారో, రాసేవాడు ఆయనొక్కడే కాబట్టి మనకి తెలిసే దారి లేదు.

ఇదుగో, పకోడీలు వచ్చాయి. తీసుకోండి, వేడిగా ఉన్నాయి. చీజ్‌తో వద్దన్నాను గానీ, పకోడీతో పళ్ళు తింటే ఏమవుతుందో ఆయన రాయలేదు. రాత్రికి ఏమైనా కనపడితే రేపు వచ్చి చెప్పండి. ఎన్ని పకోడీలు తిన్నారో కూడా చెప్పాలి మరి.