ఇంకా నేర్పలేదూ?

చంటిపిల్లవాడున్న ఇంటికి వచ్చినవాళ్ళు కాఫీ తాగేలోగా అడిగే ప్రశ్నలు ఒక వరసలో వుంటాయి. పళ్ళెన్ని వచ్చాయి? నడుస్తున్నాడా? "తాత" అంటున్నాడా? ఈ మూడింటికీ తృప్తిగా జవాబు దొరికితే నాలుగోది సిద్ధంగా వుంటుంది. "అయితే ఇంకా డైపరు వేస్తూనే వున్నారా? ఒంటికి వస్తే చెప్పడం నేర్పలేదూ?" ఆ చివరి దీర్ఘం తల్లి గుండెలో సూదిలా దిగుతుంది. పళ్ళు ఆలస్యమైతే తల్లిని ఎవరూ తప్పుపట్టరు. మాటలు ఆలస్యమైతే "వాళ్ళ తాతగారికీ అంతేనట" అని సరిపెడతారు. ఈ ఒక్క విషయంలో మాత్రం, పిల్లవాడి ఒంట్లో జరగవలసిన దానికి తల్లి బద్ధకమే కారణమని లోకం తీర్పు చెప్పేస్తుంది.

"మా రోజుల్లో ఏడాది నిండేసరికి..." అని మొదలుపెట్టే పెద్దవాళ్ళు అబద్ధం ఆడడం లేదు. మా అమ్మ నెలల పిల్లలను చాచిన కాళ్ళమీద కూర్చోబెట్టుకుని "స్స్స్" అని శబ్దం చేసేది. నిద్ర లేవగానే ఒకసారి, పాలు తాగిన కాసేపటికి ఇంకోసారి. పిల్ల కనుబొమలు ముడిపడితే చాలు, వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేది. పని జరిగేది కూడాను. కాని ఆలోచించి చూస్తే అక్కడ నేర్చుకున్నది పిల్ల కాదు, మా అమ్మ! పిల్ల వేళలన్నీ ఆవిడకు కంఠతా వచ్చు. తూర్పు ఆఫ్రికాలో డిగో అనే జాతి తల్లులు పుట్టిన రెండు మూడు వారాలనుంచే ఇలా మొదలుపెట్టి, 5, 6 నెలలకల్లా పిల్లలను పొడిగా వుంచగలుగుతున్నారని 1977లో ఒక వైద్యపత్రికలో వచ్చింది. అక్కడా రహస్యం అదే. పిల్ల ఎప్పుడూ పెద్దవాళ్ళ ఒంటిని అంటిపెట్టుకునే వుంటుంది. రోజంతా ఒక మనిషి పిల్లవాడి ముఖంలోకి చూస్తూ కూర్చోగలిగిన ఇంట్లో ఆ పద్ధతి ఈనాటికీ పనిచేస్తుంది. పొద్దున్నే బస్సుకు పరుగెత్తే తల్లికి ఆ భాగ్యం ఎక్కడిది?

అలాంటి తల్లే మా కోడలు. అంచేతే ఈ నాలుగు మాటలూ.

హైదరాబాదులో మా అబ్బాయి కాపురం. మనవడికి అప్పటికి 22 నెలలు. కోడలు జీతంలేని సెలవు పొడిగించుకుంటూ వచ్చింది. ఇక జూన్‌లో ఉద్యోగంలో చేరక తప్పదు. దగ్గరలో వున్న పసిపిల్లల బడివాళ్ళు పిల్లవాణ్ణి చేర్చుకుంటామన్నారు గాని ఒక షరతు పెట్టారు. డైపరు లేకుండా రావాలి. చేతిలో వున్నవి 6 వారాలు.

ఇక చూడండి. ఎర్రటి ప్లాస్టిక్ పాటీ కుర్చీ ఒకటి ఇంటికి వచ్చింది. గంటకోసారి వాణ్ణి దానిమీద కూర్చోబెట్టడం, వాడు విల్లులా వెనక్కు వంగి గోల పెట్టడం. లేపి లాగు తొడిగిన మరుక్షణంలో నేలంతా తడి. "కావాలనే చేస్తున్నాడత్తయ్యా!" అని కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకునేది. కావాలని కాదు. కుర్చీలో భయంతో బిగబట్టినది, లేచి నిలబడగానే వదులయింది, అంతే.

రెండోవారంలో అసలు చిక్కు వచ్చిపడింది. వాడు రెంటికి వెళ్ళడం మానేశాడు. ఒకరోజు, రెండురోజులు, నాలుగురోజులు. వచ్చినప్పుడల్లా మునివేళ్ళమీద నిలబడి, కాళ్ళు కత్తెరలా బిగించి, ముఖం ఎర్రబడేదాకా ఆపుకునేవాడు. అయిదోనాడు పిల్లల డాక్టరుగారి దగ్గరకు పరుగెత్తాం. ఆయన పొట్ట నొక్కి చూచి, మందు రాసి, "ముందు ఆ కుర్చీని అటకెక్కించండి" అన్నారు. ఆపుకున్నకొద్దీ మలం గట్టిపడుతుంది. గట్టిపడితే నొప్పి. ఆ నొప్పి జ్ఞాపకంతో మళ్ళీ ఆపుకోవడం. ఒకసారి ఈ గానుగకు కట్టుబడితే నెలల తరబడి తిరగవలసి వస్తుందట. మలబద్ధకం పూర్తిగా తగ్గి, వాడు ఆ నొప్పి మరచిపోయేదాకా నేర్పే వూసే ఎత్తవద్దన్నారు.

మరి జూన్ సంగతి? ఆ రాత్రి అబ్బాయీ కోడలూ చాలాసేపు లెక్కలు వేసుకున్నారు. ఇంటి అప్పు వాయిదాలు ఒకవైపు, పిల్లవాడి కడుపు ఇంకోవైపు. చివరకు కోడలు ఉద్యోగానికి వెళ్ళేటట్టూ, బడి దసరా వెళ్ళేదాకా ఆపేటట్టూ, అందాకా నేను తెనాలి దగ్గర మా వూరికి తిరిగి వెళ్ళకుండా వుండిపోయేటట్టూ తీర్మానమయింది. వూళ్ళో మావారు చేతులు కాల్చుకుంటూ వంట నేర్చుకున్నారు. ఆ ఏడు మా ఇంట్లో అందరికంటే ముందుగా శిక్షణ పూర్తయింది ఆయనకే!

అటకెక్కిన కుర్చీని దింపే వేళ ఎలా తెలుస్తుంది? డాక్టరుగారు చెప్పిన గుర్తులను ఒక్కొక్కటే మా వాడిలో చూచాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

మొదటిది పొడి. పిల్లవాడు 2 గంటలసేపు తడవకుండా వుంటున్నాడా? పగటి నిద్ర లేచేసరికి బట్ట పొడిగా వుంటోందా? అయితే మూత్రాశయం నిలవ చేసుకోవడం నేర్చుకున్నదన్నమాట. ఇది ఏ తల్లీ నేర్పగలిగేది కాదు.

రెండోది కబురు. ఆడుతూ ఆడుతూ ఆగిపోవడం, తలుపు చాటుకు వెళ్ళి నక్కడం, మనం చూస్తే "పో" అనడం. ఇవి చూచి నవ్వుకుంటాం గాని, లోపలినుంచి వచ్చే కబురు వాడికి అందుతోందనడానికి ఇవే సాక్ష్యాలు. పని అయిపోయాక చెప్పడం మొదటి మెట్టు. అవుతూండగా చెప్పడం రెండో మెట్టు. ముందుగా చెప్పడం మూడోది. "అయ్యాక చెబుతావా?" అని కోప్పడేవాళ్ళు ఆ మొదటి మెట్టునే విరగ్గొడుతున్నారు సుమా!

మూడోది కాళ్ళూ చేతులూ. తనంత తాను నడిచి వెళ్ళి, కూర్చుని లేవగలగాలి. లాగు కిందకు లాక్కోగలగాలి. అందుకే బొత్తాములూ బెల్టులూ వద్దు, వదులుగా వుండే ఎలాస్టిక్ లాగు చాలు.

నాలుగోది మాట. "బంతి తెచ్చి బుట్టలో వెయ్యి" అని రెండు పనులు కలిపి చెబితే అర్థం కావాలి. ఒంటికీ రెంటికీ వాడి భాషలో ఏదో ఒక మాట వుండాలి.

అయిదోది మనసు. తడిసిన బట్ట విప్పమని గోల చేయడం, పెద్దవాళ్ళు వెళుతూంటే తానూ వెంటపడడం.

ఇవన్నీ ఒక్కనాడే రావు. చాలామందిలో 18 నెలలకూ 3 ఏళ్ళకూ మధ్య ఒక్కొక్కటే వస్తాయి. అమెరికాలో బ్రాజెల్టన్ అనే పిల్లల వైద్యుడు ఇలా పిల్లల సంసిద్ధతను బట్టి అలవాటు చేయించిన 1,170 మంది వివరాలు 1962లో ప్రకటించాడు. పగటిపూట అలవాటు పూర్తయ్యేసరికి వాళ్ళ సగటు వయస్సు 28.5 నెలలు. అక్కడే 2003లో వెలువడిన పరిశీలన మరీ తమాషా అయినది. 27 నెలలకు ముందే గట్టిగా పట్టుబట్టి మొదలుపెట్టినంత మాత్రాన పిల్లలు ముందుగా ముగించలేదు. నేర్చుకునే కాలం మాత్రం పొడుగయింది!

మా వాడికి ఆగస్టులో గుర్తులు కనబడసాగాయి. ముందు కర్టెను వెనక దాగుకోవడం. తర్వాత మధ్యాహ్నం నిద్రలో పొడి. ఒకనాడు నా కొంగు పట్టుకుని "నానమ్మా, ఉచ్చ" అన్నాడు, నేలమీద మడుగు చూపిస్తూ. "చెప్పావురా నా తండ్రీ!" అన్నాను. ఆ సాయంత్రం కుర్చీ అటక దిగింది. మొదటి వారం లాగుతోనే దానిమీద కూర్చుని కథలు విన్నాడు. ఆ తర్వాత భోజనమైన కాసేపటికి 5 నిమిషాలు, ఇష్టమైతేనే. పెద్దవాళ్ళ కమోడు మీద కూర్చోబెట్టేటప్పుడు పాదాల కింద పీట వేశాం. కాళ్ళు గాలిలో వేలాడుతూంటే ముక్కడానికి పట్టు దొరకదు. నీళ్ళు వదిలే చప్పుడుకు భయపడితే వాడు బయటకు వచ్చాకే వదిలేవాళ్ళం. తడిపితే తిట్లు లేవు, తుడుచుకోవడమే. దసరా వెళ్ళాక సంచీలో రెండు లాగులు అదనంగా పెట్టుకుని బడికి వెళ్ళాడు.

రాత్రి డైపరు ఇంకా చాలాకాలం వుంది. రాత్రి సంగతి వేరు. అది ఒళ్ళు ఎదిగినప్పుడు దానంతట అదే వస్తుంది. అయిదేళ్ళ లోపు పక్క తడపడాన్ని వైద్యులు జబ్బుగా లెక్కపెట్టరు. నొప్పి వున్నా, మలంలో నెత్తురు కనిపించినా, ఎప్పుడూ చుక్కలుగా కారుతూనే వున్నా, బాగా అలవాటైన పిల్లవాడు హఠాత్తుగా మళ్ళీ మొదటికి వచ్చినా మాత్రం డాక్టరుకు చూపించాలి.

అంచేత, అమ్మాయిలూ, క్యాలెండరు చూడకండి, పక్కింటి పిల్లను చూడకండి, మీ పిల్లవాణ్ణి చూడండి. "ఇంకా నేర్పలేదూ?" అని ఎవరైనా దీర్ఘం తీస్తే, "వాడింకా కబురు పెట్టలేదండీ" అనండి. అడిగినావిడకు తీరిక వున్నట్టు కనబడితే, రెండు పూటలు వచ్చి వాడి ముఖం చూస్తూ కూర్చోమనండి. అంతకంటే సాయం లేదు.