చివరి విజిల్ తర్వాత రెఫరీ

ఫుట్‌బాల్‌లో చివరి విజిల్‌తో ఆట ముగుస్తుంది గాని రెఫరీ అధికారం ముగియదు. ఆటకు ముందు గ్రౌండును పరిశీలించడానికి లోపల అడుగుపెట్టింది మొదలు, ఆట అయ్యాక గీత దాటి బయటికి వెళ్లేదాకా క్రమశిక్షణ చర్య తీసుకునే హక్కు రెఫరీదేనని ఆట నియమావళిలోని ఐదో నియమం చెబుతుంది. కార్డులు మాత్రం ఆట మొదలుపెట్టడానికి గ్రౌండులోకి అడుగుపెట్టినప్పటి నుంచే చూపాలి. విజిల్ మోగాక ఆటగాడు ప్రత్యర్థిని తన్నినా, రెఫరీని తిట్టినా అక్కడే కార్డు తీయవచ్చు. 2019 నుంచి కోచ్‌లకూ ఇదే వర్తిస్తోంది.

విజిల్ తర్వాతి కార్డుకు 2006 ప్రపంచకప్పును మించిన ఉదాహరణ లేదు. జూన్ 30న బెర్లిన్‌లో జర్మనీ పెనాల్టీ షూటౌట్‌లో అర్జెంటీనాను ఓడించగానే రెండు జట్లూ కలబడ్డాయి. అసలు ఆటలోకే దిగని అర్జెంటీనా సబ్‌స్టిట్యూట్ కుఫ్రే, జర్మన్ ఆటగాడు మెర్టెసాకర్‌ను తన్నాడు. రెఫరీ లుబోష్ మిచెల్ అతనికి ఎర్రకార్డు చూపాడు. అదే గొడవలో జర్మన్ ఆటగాడు ఫ్రింగ్స్ చెయ్యి చేసుకోవడం రెఫరీ కంట పడలేదు. వీడియో చూసి ఫిఫా అతన్ని నిషేధించింది. ఇటలీతో సెమీఫైనల్‌కు అతను దూరమయ్యాడు, జర్మనీ ఓడింది.

గీత దాటాక కార్డుకు చోటు లేదు. డ్రెస్సింగ్ రూముకు వెళ్లే సొరంగ మార్గంలోనో, కారు పార్కింగులోనో జరిగినదాన్ని రెఫరీ నివేదికలో రాస్తాడు, శిక్షను ఫుట్‌బాల్ సంఘం తేలుస్తుంది. ఈ విభజన సబబే. తిట్లు పడ్డ మనిషే తీర్పరి కూడా అయితే న్యాయం మీద అనుమానం మిగిలిపోతుంది. మన దేశంలోనూ సంఘానిది చిన్న చెయ్యి కాదు. 2023 మార్చి 3న బెంగళూరులో జరిగిన మ్యాచ్‌లో ప్రత్యర్థి ఆటగాడు ఛెత్రీ గోల్‌ను ఒప్పుకోక కేరళ బ్లాస్టర్స్ గ్రౌండు వదిలి వెళ్లినందుకు, భారత ఫుట్‌బాల్ సమాఖ్య క్రమశిక్షణ సంఘం ఆ క్లబ్బుకు 4 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కోచ్ వుకొమనోవిచ్‌ను 10 మ్యాచ్‌ల పాటు దూరం పెట్టింది.

మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల దగ్గర ఆడి పెరిగినవాళ్లకు ఆట అయ్యాకే అసలు వాదన మొదలయ్యేది. విజిల్ పట్టుకున్న అన్న ఇంటి గేటు చేరేదాకా వెంటపడి అడిగేవారు. ఇంగ్లండ్‌లో స్థిరపడ్డాక, ఆదివారం పార్కులో పిల్లవాడి మ్యాచ్ ముగియగానే కొందరు తండ్రులు అదే చనువుతో రెఫరీ దగ్గరికి నడుస్తారు. ఆ కుర్ర రెఫరీకి ఒక్కోసారి పదహారేళ్లు కూడా దాటవు. అక్కడ నోరు జారితే ఆ మాట కౌంటీ ఫుట్‌బాల్ సంఘానికి చేరుతుంది. ప్రేక్షకుల నడవడికి క్లబ్బే జవాబుదారీ గనుక జరిమానా పిల్లల జట్టు మీద పడవచ్చు.

రెఫరీ నివేదికలో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమన్నారన్నది అన్న మాటల్లోనే ఉండాలి. ‘దురుసుగా ప్రవర్తించాడు’ అని రాస్తే విచారణలో నిలవడం కష్టం. ఒకటి మాత్రం రెఫరీ చేతిలో లేదు. ఆట ముగించి గ్రౌండు వదిలాక, ఇచ్చిన గోల్‌ను గాని పెనాల్టీని గాని తప్పని తెలిసినా వెనక్కి తీసుకోలేడు.