మూడేసి చొప్పున

టెట్ పేపర్-1లో 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. అందులో 30 లెక్కలవి. నాది ఇంటర్లో బైపీసీ. డీఎడ్‌లో గణితం బట్టీ పట్టి గట్టెక్కాను. అవనిగడ్డలో కోచింగ్‌కి చేరేటప్పుడు, ఆ 30 వదిలేసినా పాసైపోవచ్చనే ధీమాతో వెళ్లాను.

మొదటి వారంలోనే ఘనాలు మొదలుపెట్టారు. బోర్డు మీద 392 వేసి, ఏ కనిష్ఠ సంఖ్యతో గుణిస్తే పరిపూర్ణ ఘనం అవుతుందని అడిగారు. చుట్టూ అందరూ జవాబు చెబుతున్నారు. నాకు చెవుల్లో హోరు, అరచేతుల్లో చెమట. కడుపునొప్పని చెప్పి బయటికొచ్చేశాను. మర్నాడూ అదే వంక.

హాస్టల్లో నా గదిలో ఉండే అక్కది పార్వతీపురం, బీఎస్సీ మ్యాథ్స్. ఏమైందని అడిగింది. ఏడో ఎక్కం రాదని చెప్పడానికి నోరు రాలేదు. బడికెళ్లే కొడుకున్న దాన్ని. చివరికి చెప్పాను. ఆమె నవ్వలేదు. లైటు తీసేశాక కూడా, తన చదువు పక్కనపెట్టి, నాతో ఎక్కాలు అప్పజెప్పించుకునేది. రెండో వారమంతా అవే.

మూడో వారంలో 1728 ఇచ్చింది. నిలువుగా గీత గీసి రెండుతో భాగించుకుంటూ పోయాను: 864, 432, 216, 108, 54, 27. ఇక మూడుతో: 9, 3, 1. ప్రధాన కారణాంకాలు ఆరు రెళ్లు, మూడు మూళ్లు. మూడేసి చొప్పున సున్నా చుడితే ఏదీ మిగల్లేదు. గుంపుకొకటి తీసుకుంటే 2×2×3. ఘనమూలం 12. అప్పుడు 392 నేనే వేసుకున్నాను. మూడు రెళ్లు, రెండే ఏడులు. ఇంకో 7 కావాలి. 2744, అంటే 14 ఘనం. భాగించమని అడిగితే మాత్రం 49. భయంలో ఆ తేడా కనబడదు. అందుకే 'గుణించాలి', 'భాగించాలి' అన్న మాట కింద అక్క ముందే గీత పెట్టించేది.

చివరి అంకె చూసి తేల్చేద్దామని చాలా ఆశపడ్డాను. వర్గమైతే 2, 3, 7, 8తో ముగియదు. ఘనాలకు ఆ సుఖం లేదు, ఏ అంకెతోనైనా ముగుస్తాయి. 9000 చివర మూడు సున్నాలున్నా అది ఘనం కాదు. మూళ్లు రెండే ఉన్నాయి.

పరీక్ష రోజు అలాంటిదే ఒకటి వచ్చింది. రఫ్ షీట్ మీద గీత గీశాను, వంకరగా వచ్చింది. జవాబు పెట్టాను. ఆ తర్వాతి రెండు ప్రశ్నలు చదివినా బుర్రకెక్కలేదు. వాటిని వదిలేసి ముందుకెళ్లాను.