మోర్చా పాదాలు

శాలిబండలో నా దగ్గరికొచ్చే పెద్దవాళ్లు పాదాలు తిమ్మిరంటే ముందు షుగరే చూస్తాను. అలా వచ్చిన ఒక రిటైర్డ్ హవల్దార్ సాబ్‌కి షుగర్ లేదు. బి12 సరిపడా ఉంది, మందు ముట్టరు, పాదాల్లో నాడి బాగా అందుతోంది. అయినా చలికాలం వస్తే వేళ్లు భగ్గున మండుతాయట, అరికాళ్లకు చెమట పడుతుందట, కింద నేల ఉన్నట్టే తెలియదట.

"ఫౌజ్‌లో ఎక్కడుండేవారు?" అనడిగాను.

"షకర్‌గఢ్ వైపు, డాక్టర్ సాబ్. డెబ్బై ఒకటి జంగ్‌లో, మోర్చాలో."

1971 యుద్ధం మన లెక్కలో 14 రోజులు. డిసెంబర్ 3న మొదలైంది, 17న పడమటి సరిహద్దులో కాల్పులు ఆగాయి. ఆయన లెక్క వేరు. యుద్ధానికి ముందే అక్టోబర్‌లో సరిహద్దుకు చేరారు. కాల్పులు ఆగాక కూడా గెలిచిన నేలను కాస్తూ అక్కడే ఉన్నారు. సేనలు పాత సరిహద్దుకు మళ్లేసరికి 1972 డిసెంబర్ వచ్చింది. పగలు తల ఎత్తకూడదు, రాత్రంతా పని. చేతిలో రైఫిల్ కన్నా మట్టి తవ్వే గైంతీ, బేల్చాలే ఎక్కువసేపు ఉండేవని చెప్పారు. వాన పడితే తవ్విన మోర్చా గోడ జారేది, మళ్లీ తవ్వేవారు. రొట్టెలు చీకటిపడ్డాకే వచ్చేవి, వచ్చేసరికి చల్లారేవి. బూట్లు రోజుల తరబడి విప్పేవారు కాదు.

నాకు కావలసిన సమాధానం ఆ చివరి మాటలో దొరికింది. నీరు గడ్డకట్టేంత చలి అక్కర్లేదు. సున్నాకు పైన, పదిహేను డిగ్రీల లోపు చలిలో తడి పాదం గంటల తరబడి కదలకుండా ఉంటే చాలు. రక్తనాళాలు ముడుచుకుంటాయి, నరాలకు ప్రాణవాయువు అందదు. పైచర్మం మానిపోతుంది. నరం మాత్రం దశాబ్దాలు గడిచినా పూర్తిగా కోలుకోకపోవచ్చు.

ఈ మోర్చా పాదాల జబ్బుకు మన హైదరాబాద్‌తో పాత బంధమే ఉంది. ఒకప్పటి నిజాం కంటింజెంట్ నుంచి వచ్చిన 20వ డెక్కన్ హార్స్, సికింద్రాబాద్ అశ్వదళ బ్రిగేడ్‌లో భాగంగా మొదటి ప్రపంచ యుద్ధానికి 1914లో ఫ్రాన్స్ చేరింది. గుర్రాలను వెనక వదిలి, ఆ డిసెంబర్‌లోనే కందకాల బురదలో దిగింది. ఆ యుద్ధంలోనే పాదాలకు తిమింగలం నూనె రుద్దడం, పొడి మేజోళ్లు మార్చడం, ఒకరి పాదాలు ఒకరు చూసుకోవడం సైన్యంలో నిత్యకృత్యం అయ్యాయి. ఇంత చిన్న జాగ్రత్త ఎన్ని కాళ్లను కాపాడిందో తలుచుకుంటే వైద్యుడిగా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

హవల్దార్ సాబ్ భార్య మరో మాట చెప్పారు. ఈయన ఫజర్ అజాన్‌కు చాలాముందే లేచి, తెల్లారేదాకా వాకిలివైపు చూస్తూ కూర్చుంటారట. నమాజ్ కోసమని పిల్లలు అనుకున్నారు. అది మోర్చా అలవాటని నాకు అర్థమైంది. తెల్లవారుజామున, మళ్లీ మునిమాపున, దాడి జరిగే వేళని అందరూ ఆయుధాలతో సిద్ధంగా నిలబడటం మోర్చా నియమం. దాన్ని 'స్టాండ్ టు' అంటారు. భయపడుతున్నారా అని అడిగితే లేదన్నారు, నిద్ర మాత్రలు వద్దన్నారు. నేనూ రాయలేదు. ఆ అలవాటు ఆయనకు బాధ కలిగించడం లేదు, దానికి జబ్బు పేరు తగిలించడం నాకిష్టం లేదు.

ఆ తర్వాత చాంద్రాయణగుట్ట నుంచి ఒక యువకుడు వచ్చాడు. సియాచిన్‌లో పనిచేసి వచ్చాడు, వేలికొనలు మొద్దుబారాయి. అతని సర్వీసు పుస్తకంలో చలిగాయం నమోదై ఉంది. పింఛను అడగడానికి అదే ఆధారం. హవల్దార్ సాబ్ కాగితాల్లో అలాంటి మాట లేదు. అప్పట్లో నడవగలిగినవాణ్ని ఎవరూ రోగిగా చూడలేదని ఆయనే అన్నారు. అందుకే మాజీ సైనికులెవరొచ్చినా ఏ చలిలో, ఎంత తడిలో ఎన్నాళ్లు ఉన్నారో అడిగి చీటీ మీద రాస్తున్నాను.

హవల్దార్ సాబ్‌కు నరాల మంట తగ్గే మాత్ర రాత్రిపూట చిన్న మోతాదులో ఇచ్చాను. పొడి మేజోళ్లు రోజుకు రెండుసార్లు మార్చమన్నాను. వేడినీళ్లలో కాళ్లు పెట్టొద్దని ఆయన భార్యకు గట్టిగా చెప్పాను, స్పర్శ లేని చర్మానికి కాలినా తెలియదు కనుక.